సగం బరువు అత్తయ్యది

కొత్త బ్యాగుని పరీక్షకి కొండెక్కించే రోజున కార్ఖానాలో అన్నిటికంటే ముందు కిటికీ పక్కన చేతుల కుర్చీ పడుతుంది. కుర్చీలో దిండు, కాళ్ళకింద పీట, పక్కనే స్టూలు మీద టీ ఫ్లాస్కు. ఆ బ్యాగుకి భుజం పట్టీలు ఎవరు కుట్టారో వాళ్ళు ఆ రోజు మిషను ముట్టుకోరు, ఆ కుర్చీలో కూర్చుంటారు. కూర్చోక ఏం చేస్తారు? నీళ్ళలో ముంచని కొత్త బ్యాగులో ఎంత బరువు వేస్తే అందులో సగం మోసేవాళ్ళ వీపు మీదా, మిగతా సగం పట్టీలు కుట్టినవాళ్ళ భుజాల మీదా పడుతుంది. బ్యాగులు కుట్టే చోటల్లా ఇంతే. పరీక్ష అయ్యాక పెరట్లో తొట్టిలో ఒక్క మునక వేయిస్తే ఆ లంకె తెగిపోతుంది, అప్పుడే దుకాణానికి పంపుతారు. ముంచకుండా అమ్మితే లోకంలో ఇంత తేలికైన బ్యాగు ఇంకోటి ఉండదు కదా అని ఓనరుకి ఒకసారి బుద్ధి పుట్టింది. కుట్టేవాళ్ళంతా మిషన్ల మీద తలలు వాల్చుకుని పడుకున్నారు. సాయంత్రానికల్లా ఓనరే స్వయంగా తొట్టి నింపాడు.

ఆ కుర్చీలో ఎక్కువగా కూర్చునేది అత్తయ్య. పట్టీలు కుట్టడంలో ఆవిడ చెయ్యి తిరిగిన మనిషి. ఆవిడ నిజానికి అత్తయ్య ఒక్క కోడలు పిల్లకే, కానీ ఆ పిల్ల పొద్దస్తమానం "అత్తయ్యా, అత్తయ్యా" అంటూ తిరుగుతుంటే కార్ఖానా మొత్తానికీ అదే పేరైపోయింది. గుడ్డ కత్తిరించే బాబాయి మాత్రం "అక్కా" అంటాడు, వయసులో ఆయనే పెద్దవాడైనా సరే.

అసలు కొండెక్కే పని ఆవిడ కొడుకుది. కొడుకు గెంతుతూ నడిచేవాడు, రాయి మీంచి రాయి మీదికి దూకేవాడు. సాయంత్రం అతను ఇంటికొచ్చేసరికి తల్లి భుజాలు వాచిపోయి ఉండేవి. "కాస్త మనిషిలా నడవరా" అని తిట్టేది, అతనే వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెట్టేవాడు. ఒక ఏడు జ్వరం వచ్చి ఆ గెంతే మనిషి కాస్తా పోయాడు. కోడల్ని పుట్టింటికి వెళ్ళిపొమ్మని అత్తయ్యే చెప్పింది. "వెళ్తే మరి బ్యాగులెవరు మోస్తారు?" అని ఆ పిల్ల మొగుడి బూట్లలో గుడ్డపేలికలు కుక్కుకుని కొండెక్కింది. ఆమె నడక దువ్వెనతో దువ్వినట్టు ఉంటుంది. ఆ రోజు కుర్చీలో కూర్చుని అత్తయ్య ఏడ్చిందంటే బరువుకి కాదు. భుజాలు వాచనందుకు.

అత్తాకోడళ్ళంటే ఉప్పూ నిప్పూ అంటారు. ఈ ఇంట్లో ఉప్పు కూరలోనూ నిప్పు పొయ్యిలోనూ ఉండేవి, అంతకుమించి రచ్చ లేదు. ఒకే గది, ఒకే దీపం, రెండు మంచాలు. ఒకరికి నిద్ర పట్టకపోతే రెండోవారికీ పట్టేది కాదు.

కొండ మీద కనుమ దగ్గర బాటసారులకి ఒక విడిది ఉంది. దాన్ని చూసుకునే అతన్ని ఊళ్ళో అందరూ పైవాడు అంటారు, పైన ఉంటాడు కాబట్టి. "ఎలా ఉన్నారు?" అంటే "అంతా పైవాడి దయ" అని నవ్వుకోవడం ఊళ్ళో పాత అలవాటు. బ్యాగు విడిది చేరాక దాన్ని నిండు బరువుతో వసారాలో కొక్కేనికి వేలాడదీయాలి, కుట్లు సాగుతాయో లేదో చూడటానికి. వేలాడినంతసేపూ మోసుకొచ్చిన మనిషి కూర్చోవాలి కదా. కూర్చున్న మనిషికి టీ ఇవ్వాలి కదా. ఇచ్చిన మనిషి ఎదురుగా కూర్చోవాలి కదా.

మొదట్లో ఆ వేలాడటం ఒక గ్లాసు టీ తాగినంతసేపు ఉండేది. తర్వాత రెండు గ్లాసులైంది. పోను పోను కుండెడు అన్నం వండుకు తిన్నంతసేపు అయింది. కొక్కేనికి బ్యాగు వేలాడినంతసేపూ ఇక్కడ కుర్చీలో అత్తయ్య భుజాలు వేలాడుతూనే ఉంటాయి కదా, ఆవిడకి తెలియకుండా ఎలా ఉంటుంది? తెలుసు. కానీ పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరుకుంది. "ఇవాళ గాలి ఎక్కువగా ఉందా అమ్మాయ్, ఆలస్యమైంది?" అని అడిగేది. "అవునత్తయ్యా, గాలి" అనేది కోడలు. గాలి లేని రోజున కూడా గాలే.

గాలితోపాటు వస్తువులు కూడా వచ్చేవి. ఒకసారి బిరడా మార్చిన ఫ్లాస్కు. ఒకసారి చిన్న ఇనప పెనం. ఒకసారి, బాగు చేసిన అలారం గడియారం. "విడిదిలో ఎవరో మర్చిపోయి పోయారట అత్తయ్యా, పారెయ్యడం ఎందుకని ఇచ్చాడు" అనేది కోడలు. బాటసారులకి ఇంత మతిమరుపేమిటో అని అత్తయ్య అనుకోలేదు. గడియారాన్ని తుడిచి షెల్ఫు మీద పెట్టుకుంది.

ఇలా ఉండగా ఓనరు ఎక్కడినుంచో పల్చటి గుడ్డ తెచ్చాడు. వెలుతురుకి పెడితే చేతివేళ్ళు అవతలికి కనిపించేంత పల్చన. దాంతో కుట్టిన బ్యాగుని మడిస్తే జేబులో పట్టేది. చూడగానే బాబాయి దానికి ఉల్లిపొర అని పేరు పెట్టాడు. పట్టీలు కూడా సన్నగా ఉండాలన్నాడు ఓనరు. "సన్నగా కుడతాను, ఆగకపోతే నన్ననకు" అంది అత్తయ్య. ఆ మాటతో ఓనరుకి వారంపాటు నిద్ర లేదు.

ఉల్లిపొరని కొండెక్కించే ముందు రోజు సాయంత్రం, అన్నం తింటూ తింటూ కోడలు అంది: "అత్తయ్యా, ఇదే ఆఖరుసారి. రేపు తర్వాత నేను కొండకి వెళ్ళను. మీ పక్కనే కూర్చుని మిషను నేర్చుకుంటా."

"సూదిలో దారం ఎక్కించడం రాని దానివి, నీకు మిషనేమిటే?"

"నేర్చుకుంటే వస్తుంది."

"ఏమైంది?"

"ఏం కాలేదు. మీరు పెద్దవారవుతున్నారు. ఎవరో ఒకరు పక్కన ఉండాలి కదా."

అంతకుముందు వారం కొండ దిగి వచ్చిన దగ్గర్నుంచీ ఆ పిల్ల కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తోంది. అత్తయ్య నీళ్ళు తాగి లేచింది. ఉల్లిపొరని కోడలు ఇంట్లోనే సర్దుకుంటానని తెచ్చుకుంది. బరువుకి వేసే ఇసుక సంచులు కార్ఖానాలో ఉంటే ఇంట్లో ఏం సర్దుతుందో అత్తయ్య అడగలేదు.

పొద్దున్న బాబాయి బ్యాగుని కాటాకి తగిలించి చూశాడు. బరువు సరిగ్గా సరిపోయింది. "ఏంటమ్మాయ్, ఈసారి ఇసుక గలగలలాడుతోంది?" అన్నాడు ఊరికే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు కోడలు గబుక్కున పట్టీలు సర్దుకుంది. "గులకరాళ్ళు కలిసినట్టున్నాయి బాబాయ్" అంది. అత్తయ్య వంక చూడకుండానే గుమ్మం దాటింది.

అత్తయ్య కుర్చీలో కూర్చుంది. టీ పోసుకుంది. కొండ మొదలైన జాడ భుజాలకి తెలిసింది. ఇసుకైతే ముద్దలా కూర్చుంటుంది, కదలదు. ఇవాళ్టిది అలా లేదు. ఏదో గుండ్రంగా అటూ ఇటూ దొర్లుతోంది. ఏదో అంచు మెడ దగ్గర ఒత్తుతోంది. ఎడమ భుజంలో సన్నగా, ఆగకుండా టిక్కు టిక్కుమంటోంది.

టీ గ్లాసు సగంలో ఆపింది. ఫ్లాస్కు, పెనం, గడియారం. పొద్దున షెల్ఫు మీద గడియారం కనిపించకపోతే ఏదో రిపేరనుకుంది. పైవాడు ఇచ్చినవన్నీ పైకే పోతున్నాయి. అంటే ఆ పిల్లని అతను అడగవలసింది అడిగేశాడు, ఆ పిల్ల చెప్పవలసింది నోటితో చెప్పకుండా వస్తువులతో చెప్పబోతోంది. ఇంట్లో ముసలిది ఉంది, నేను రాలేను అని.

నిజం చెప్పుకోవాలంటే అత్తయ్యకి మొదట హాయిగా అనిపించింది. ఆవిడ దేవత కాదు. ఆ గది, ఆ రెండో మంచం, పొద్దున్నే "అత్తయ్యా" అన్న పిలుపు, ఇవేవీ ఎక్కడికీ పోవన్నమాట. తను చెయ్యవలసింది ఏమీ లేదు. నోరు మూసుకుని తన వంతు సగం మోస్తే చాలు, సామాను పైకి చేరుతుంది, పిల్ల ఇంటికొస్తుంది. దిండుకి ఆనుకుని మిగతా టీ తాగింది.

టీ చల్లారిపోయి ఉంది. ఎడమ భుజంలో టిక్కు టిక్కు ఆగలేదు. ఆ పిల్ల నడక ఎప్పటిలా దువ్వినట్టు లేదు, నాలుగడుగులు వేసి ఆగుతోంది, మళ్ళీ నాలుగు వేస్తోంది. ఏడుస్తూ నడిచేవాళ్ళ నడక ఎలా ఉంటుందో అత్తయ్యకి తెలుసు. కొడుకు పోయిన ఏడు ఈ కుర్చీలో కూర్చుని మోసింది ఆ నడకనే. మళ్ళీ ఇన్నాళ్ళకి అదే నడక, ఈసారి తన పేరు మీద. పైగా అందులో సగం తనే మోసి పెడుతోంది.

"ఛీ, నా బతుకు" అంది పైకే.

"ఏంటక్కా?" అన్నాడు బాబాయి.

పరీక్షరోజు కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఒళ్ళు వదలకూడదు. అటు బరువు ఇటు వచ్చినట్టే ఇటు బరువు కూడా అటు పోతుంది. వెనకటికి ఒకావిడ కుర్చీలో కునుకు తీస్తే కొండ మీద మోసే మనిషి బోర్లా పడ్డాడు. అందుకే దిండు, పీట, ఘాటు టీ. అత్తయ్య దిండు తీసి అవతల పడేసింది. పీటని కాలితో నెట్టింది. కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని, భుజాలు దించి, ఉన్న ఒళ్ళంతా వదిలేసింది. అత్తయ్య చిన్న మనిషేం కాదు. ఆవిడ పట్టుదల అంతకంటే చిన్నది కాదు.

కొండ మీద మూడో వంపు దగ్గర కోడలు ఉన్నట్టుండి చతికిలపడింది. బ్యాగు వీపు మీంచి జారి బండ మీద కూర్చుంది. లేపబోతే లేవలేదు. ముందు పట్టీ తెగిందేమో అని చూసింది. తెగలేదు. బెల్టు బిగించి చూసింది, వదులు చేసి చూసింది. పరీక్షలు చేయడం ఆమె పని కాబట్టి పద్ధతిగా చేసింది. పై వైపు లాగితే బ్యాగు బండలా ఉంది. కింది వైపు లాగితే ఈకలా వచ్చేసింది. మళ్ళీ పైకి తిప్పింది. మళ్ళీ బండ.

అప్పటికి అర్థమైంది. పట్టీ దగ్గరికి నోరు పెట్టి, "అత్తయ్యా, కొంచెం లేవండి" అంది. "మీకు తెలీదు, ఇవి ఇచ్చేసి వచ్చేస్తాను. మనిద్దరం హాయిగా ఉందాం." బ్యాగు ఇంకొంచెం కుంగింది. "మొండి మనిషి!" అని బ్యాగుని కాలితో తన్నింది, వెంటనే భయపడి చేత్తో నిమిరింది. తర్వాత దాని పక్కనే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. పైన ఉన్న మనిషి మీద ప్రేమ, కింద ఉన్న మనిషి మీద ప్రేమ, మధ్యలో మూడో వంపు.

పొయ్యి మీద నీళ్ళు రెండుసార్లు ఇగిరిపోయాక పైవాడికి కంగారు పుట్టింది. విడిదిలో ఉన్న బాటసారుల చేతికి కెటిలిచ్చి దిగి వచ్చాడు.

"ఏమైందండీ? కాలు బెణికిందా?"

"బ్యాగు కదలట్లేదు."

అతను వంగి రెండు చేతులా పట్టుకున్నాడు. కట్టెల మోపులు ఎత్తే మనిషి. మెడ నరాలు తేలాయి గానీ బ్యాగు కింద గడ్డిపోచ కూడా లేవలేదు.

"ఏం పెట్టారండీ ఇందులో?"

"మీరిచ్చినవన్నీ."

అతను బ్యాగు వదిలేసి నిలబడ్డాడు. "తిరిగి ఇచ్చేద్దామనా?"

"మీరు పోయినసారి అడిగారు కదా, దానికి జవాబు." కళ్ళు తుడుచుకుంది. "ఆవిడని ఒక్కదాన్ని వదిలేసి ఎలా వస్తానండీ? ఆయన పోయినప్పుడు నన్ను ఎవరూ ఏమీ అనకుండా అడ్డం నిలబడింది ఆవిడే. కాదని చెప్పడానికే వస్తున్నా. ఆవిడే రానివ్వట్లేదు."

"అంటే ఆవిడకి తెలుసా?"

"నేను చెప్పలేదు."

"నేనూ చెప్పలేదు."

ఇద్దరూ బ్యాగు వంక చూశారు. అది పెద్దమనిషిలా బండ మీద కూర్చుని ఉంది.

"మరి నాకు జవాబు ఎవరు చెప్పినట్టు? మీరా, ఆవిడా?" అన్నాడు అతను.

"అది తేలాలంటే కిందికి పోవాలి" అంది ఆమె.

కిందికి అనగానే బ్యాగు తేలికైపోయింది. ఆమె అందుకునేలోపు అతనే తీసి భుజాన వేసుకున్నాడు.

కార్ఖానాలో అందరూ పనులు ఆపి కుర్చీ చుట్టూ మూగారు. "అక్కా, కుర్చీ విరుగుతుంది, కాస్త వదులు" అని బాబాయి బతిమాలుతున్నాడు. ఓనరు చేతులు నలుపుకుంటున్నాడు, అతని దిగులు పట్టీల గురించి. అత్తయ్య మొహమంతా చెమట. అంతలో ఆవిడ పట్టు ఒక్కసారిగా సడలింది. బరువు ఇటు తిరిగింది. నడక మొదలైంది.

అది కోడలి నడక కాదు. బరువైన అడుగు, కొండ దిగడం అలవాటు లేని అడుగు, మడమలు ఈడుస్తోంది. కొడుకు పోయాక మళ్ళీ ఆ భుజాల మీద మగపిల్లాడి అడుగు పడటం అదే మొదలు. అత్తయ్య కళ్ళు మూసుకుంది. భుజాలు లాగుతున్నాయి, మండుతున్నాయి. ఎవరో వెళ్ళి దిండు తెచ్చారు. వద్దంది. వాళ్ళు గుమ్మంలోకి వచ్చేదాకా ప్రతి అడుగూ మోసింది.

"బాబూ, నువ్వు నడుస్తావా దుక్కి దున్నుతావా?" అంది అతను కనబడగానే. "నా భుజాలు ఊడిపోయాయి."

పైవాడు బ్యాగు దించి బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. "దిగడం అలవాటు లేదండీ. ఎవరైనా పైకి రావడమే గానీ."

"అత్తయ్యా, నేను మిమ్మల్ని వదిలి..." అని కోడలు మొదలుపెట్టబోయింది.

"నువ్వాగు. ఇలా రా, నా పక్కన కూర్చో." అత్తయ్య ఆమె చెయ్యి తీసుకుని తన భుజం మీద పెట్టుకుంది. "ఇసుక మోశాను, రాళ్ళు మోశాను. వాడు పోయిన దుఃఖం మోశాను, అందులో సగం నువ్వు మోశావు, కాదనను. కానీ నా కోసం నువ్వు ఆగిపోయావన్న మాట ఉంది చూడు, అది మాత్రం నా వల్ల కాదే తల్లీ. సగమైనా మొయ్యలేను."

"మరి మీకెవరున్నారు?"

"ఇదిగో, ఈ మంద మొత్తం ఉంది. రోజూ అత్తయ్యా అత్తయ్యా అని ప్రాణం తీస్తున్నారు. అయినా నువ్వేమైనా సముద్రాలు దాటి పోతున్నావా? కొండెక్కుతున్నావు." ఆవిడ ఓనరు వైపు తిరిగింది. "ఇదిగో అబ్బాయ్, ఇన్నాళ్ళూ ఎక్కి దిగాం. ఇకనుంచి పరీక్ష పైన మొదలై ఇక్కడ ముగుస్తుంది. ప్రతి బ్యాగూ ఈ పిల్ల వీపున మా ఇంటికి దిగి రావాలి. రాత్రికి అన్నం తిని పడుకుని, మర్నాడు కొత్తది తీసుకుని ఎక్కుతుంది. ఏమంటావు?"

ఓనరు ఏమీ వినలేదు. ఉల్లిపొరని తిరగేసి మరగేసి చూస్తున్నాడు. "ఒక్క కుట్టు కదల్లేదు" అన్నాడు. "అత్తయ్యని మోసింది! ఇంకేం మొయ్యాలి?"

కోడలూ పైవాడూ సంతకాలు పెట్టి పెళ్ళి చేసుకున్నారు. సాక్షి సంతకం అత్తయ్య పెట్టింది, మొదటి సంతకం కూడా తనే పెట్టబోతే బాబాయి ఆపాడు. పెళ్ళయిన మర్నాడు పైవాడు బాటసారుల కోసం తెల్లారకముందే వెళ్ళిపోయాడు. కోడలు తన సామాను ఉల్లిపొరలో సర్దుకుని తర్వాత బయల్దేరింది. ఓనరు ఇంకొక్క పరీక్ష కావాలన్నాడు, కాబట్టి దాన్నింకా ముంచలేదు. అన్ని బట్టలు, దుప్పటి, పెనం, ఫ్లాస్కు, గడియారం, అత్తయ్య కుట్టి ఇచ్చిన కొత్త దిండు. బ్యాగు నోరు మూతపడనంత నిండింది.

కొండ మొదట్లోనే ఆమెకి అనుమానం వచ్చింది. వీపు మీద ఏమీ లేనట్టుంది. మూడో వంపు దగ్గర ఆగి, బ్యాగు దించి లోపల చెయ్యి పెట్టి చూసింది. అన్నీ ఉన్నాయి. మళ్ళీ వేసుకుంది. గాలి వేసుకున్నట్టుంది. సగం కాదు, మొత్తం బరువు అత్తయ్య భుజాల మీదికే పోతోంది.

"ఓ మొండి మనిషీ!" అని నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. బండ మీద కూర్చుని బ్యాగు విప్పింది. ముందు పెనం తీసి చేత్తో పట్టుకుంది. ఫ్లాస్కు చంకలో పెట్టింది. దుప్పటి కప్పుకుంది. బట్టలు ఒకదాని మీద ఒకటి తొడుక్కుంది, మిగిలినవి మెడకి చుట్టుకుంది. దిండు నెత్తిన పెట్టుకుంది. గడియారాన్ని మాత్రం రవికెలో దోపుకుంది. ఖాళీ ఉల్లిపొర వీపున రెపరెపలాడుతుంటే చెమటలు కక్కుకుంటూ విడిది మెట్లెక్కింది. పైవాడు చూసి నోరు తెరిచాడు.

"వీపున అంత బ్యాగుండగా ఇదేం అవతారమండీ?"

"ముందు ఇవి అందుకోండి" అంది ఆమె రొప్పుతూ.

కార్ఖానాలో అత్తయ్య పళ్ళు బిగించి కుర్చీలో కూర్చుని ఉంది, మెడ ఒంగిపోయి. ఉన్నట్టుండి మెడ దగ్గర ఒత్తిడి తగ్గింది. తర్వాత దొర్లేదేదో దొర్లడం మానేసింది. ఒకటొకటిగా భుజాలు ఖాళీ అవుతుంటే ఆవిడ ఉలిక్కిపడి లేచి నిలబడింది.

"ఏమైందక్కా? ఏమైనా పడిపోయిందా?" అన్నాడు బాబాయి.

"పడిపోలేదు. అన్నీ చేత్తో పట్టుకుని పోతోంది, పిచ్చి మొహం" అంది అత్తయ్య. పైట చెంగుతో కళ్ళు ఒత్తుకుని, కుర్చీని మిషను దగ్గరికి జరుపుకుని, తర్వాతి బ్యాగు పట్టీ చేతిలోకి తీసుకుంది.